నర్సింగ్ పాఠ్యప్రణాళిక - వార్డు భాష: మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యంలో వృత్తిసామర్థ్యాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

నర్సింగ్ కళాశాల నేర్పేదానికీ, ఉద్యోగంలో చేరిన నర్సు నుంచి ఆసుపత్రి ఆశించేదానికీ మధ్య ఉన్న దూరం కొత్త సమస్య కాదు. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళిక ఈ దూరాన్ని సామర్థ్యాధారిత బోధనతో తగ్గించాలని తలపెట్టింది. ఆ ప్రణాళికను హైదరాబాదు ఉత్తర శివారులైన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల వైద్యసేవల స్వభావంతో పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. రోగి చెప్పే తెలుగుకూ, కేస్ షీట్‌లో రాసే ఆంగ్లానికీ మధ్య నర్సు చేసే అనువాదం ఒక ప్రధానమైన వృత్తిసామర్థ్యమనీ, దానిని పాఠ్యప్రణాళిక బోధించడం గానీ పరీక్షించడం గానీ చేయడం లేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పనిచోటు ఆశించే ప్రతిదానినీ విద్యకు ప్రమాణంగా స్వీకరించడంలోని ప్రమాదాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: నర్సింగ్ విద్య, వృత్తిసామర్థ్యం, పాఠ్యప్రణాళిక, తెలంగాణ వాడుకభాష, రోగి సంభాషణ, మూల్యాంకనం, మేడ్చల్, శామీర్‌పేట.

1. ఉపోద్ఘాతం

వృత్తివిద్యకు రెండు పరీక్షలుంటాయి. ఒకటి విశ్వవిద్యాలయం పెట్టేది, రెండవది పనిచోటు పెట్టేది. మొదటిదానిలో ప్రథమశ్రేణి పొందినవారు రెండవదానిలో తడబడితే, ఆ లోపాన్ని వ్యక్తికి అంటగట్టి ఊరుకోవడానికి వీల్లేదు. ఆ రెండు పరీక్షలూ వేర్వేరు విషయాలను కొలుస్తున్నాయేమోనని విచారించాలి. నర్సింగ్‌లో ఈ విచారణ మరింత అవసరం. ఇక్కడి తడబాటుకు మూల్యం చెల్లించేది మొదట రోగి, ఆ తరువాత నింద మోసే నర్సు.

కొత్తగా పట్టా పొందిన నర్సులు ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఎదుర్కొనే దిగ్భ్రమను అమెరికన్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లో ‘వాస్తవాఘాతం’ అనే అర్థం వచ్చే పేరుతో గ్రంథస్థం చేశారు. కళాశాల ఒక్క రోగిని సమగ్రంగా చూసుకోవడం నేర్పుతుంది. వార్డు ఒకేసారి అనేకమందిని చూడమంటుంది. కళాశాల ‘ఎందుకు’ అని అడుగుతుంది. వార్డు ‘అయిపోయిందా’ అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగిన నర్సును తయారుచేయడమే విద్యకూ ఆచరణకూ మధ్య సమన్వయం. అయితే అమెరికన్ ఆసుపత్రి నుంచి పుట్టిన ఈ చర్చలో కనబడని అంశం ఒకటి తెలుగునేలపై ఉంది. ఇక్కడ పాఠం ఒక భాషలో, రోగి మరొక భాషలో ఉంటారు.

2. మేడ్చల్, శామీర్‌పేట: సేవాక్షేత్ర స్వభావం

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబర్ 11న ఉమ్మడి రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి నాగపూర్ వైపు, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు సాగుతాయి. ఈ రెండింటినీ ఔటర్ రింగ్ రోడ్డు కలుపుతుంది. శామీర్‌పేట మండలం తుర్కపల్లి చుట్టూ విస్తరించిన జీనోమ్ వ్యాలీలో ప్రపంచదేశాలకు వెళ్లే టీకాలు తయారవుతాయి. మేడ్చల్ పరిసరాల్లోని పరిశ్రమలకు ఉత్తరాది రాష్ట్రాల నుంచీ, ఒడిశా నుంచీ కార్మికులు వలసవస్తారు. వీటి నడుమ వరిమళ్లు, కూరగాయల తోటలు, చెరువులు, తండాలు ఇంకా మిగిలి ఉన్నాయి.

ఇటువంటి ప్రాంతంలో ఆసుపత్రికి వచ్చే రోగులు ఒకే రకం వారు కారు. రహదారి ప్రమాద క్షతగాత్రుడు, యంత్రంలో చేయి నలిగిన కార్మికుడు, పాముకాటుకు గురైన రైతు, మధుమేహం ముదిరిన వృద్ధురాలు, తొలిచూలు గర్భిణి ఒకే రాత్రి డ్యూటీలో ఎదురుపడవచ్చు. వీరిలో ఒకరు తెలంగాణ తెలుగు, మరొకరు దక్కనీ ఉర్దూ, ఇంకొకరు లంబాడీ, వేరొకరు ఒడియా లేదా హిందీ మాట్లాడుతారు. ఘనపూర్‌లోని మెడిసిటీ, సూరారంలోని మల్లారెడ్డి వంటి వైద్యవిద్యాసంస్థలు నర్సింగ్ కళాశాలలను కూడా నడుపుతున్నందువల్ల, నర్సింగ్ విద్యార్థినుల తొలి వార్డు అనుభవానికి ఈ జనమే గురువులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పల్లె దవాఖానాలు వారి సామాజిక ఆరోగ్య శిక్షణకు క్షేత్రాలు. బోధనకూ ఆచరణకూ మధ్య భౌతికదూరం ఇక్కడ చాలా తక్కువ. తగ్గవలసింది మరొక దూరం.

3. 2021 పాఠ్యప్రణాళిక: ఆశయం, అమరిక

1947 నాటి చట్టం ద్వారా ఏర్పడిన భారత నర్సింగ్ మండలి, నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ కోర్సును 2021లో ఎనిమిది సెమిస్టర్ల క్రెడిట్ విధానంలోకి మార్చింది. రోగి కేంద్రిత సేవ, వృత్తినిష్ఠ, బృందకృషి, నాయకత్వం, వ్యవస్థాధారిత ఆచరణ, ఆరోగ్య సమాచార సాంకేతికత, సంభాషణ, భద్రత, నాణ్యతాభివృద్ధి, సాక్ష్యాధారిత ఆచరణ అనే పది మౌలిక సామర్థ్యాలను లక్ష్యంగా పెట్టింది. అనుకరణ ప్రయోగశాలలకు స్థానం కల్పించింది. చివరి సెమిస్టర్‌ను ఇంటర్న్‌షిప్‌కు కేటాయించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం నియంత్రణ వ్యవస్థనే మార్చడానికి ఉద్దేశించినది. సంస్కరణ సంకల్పాన్ని శంకించనక్కరలేదు.

విమర్శకు తావిచ్చేది అమరిక. ‘సంభాషణ’ను పది సామర్థ్యాల్లో ఒకటిగా గుర్తించిన ప్రణాళిక, మొదటి సెమిస్టర్‌లో ‘కమ్యూనికేటివ్ ఇంగ్లీష్’ను 40 గంటల ప్రత్యేక పాఠ్యాంశంగా నిర్ణయించింది. పై అధికారితో, వైద్యునితో, రికార్డుతో మాట్లాడడానికి ఆ ఆంగ్లం అవసరమే. విదేశీ ఉద్యోగాలకు సైతం అదే దారి. కాని రోగితో మాట్లాడడానికి కావలసిన ప్రాంతీయభాషకు అటువంటి ప్రత్యేక పాఠ్యాంశం లేదు. సంభాషణ నైపుణ్యాలను నర్సింగ్ ఫౌండేషన్ వంటి పాఠ్యాంశాల్లో బోధిస్తున్నా, ఆ బోధన కూడా ఆంగ్లంలో, ఆంగ్ల ఉదాహరణలతోనే సాగుతుంది. జాతీయస్థాయి ప్రణాళిక ఏదో ఒక్క రాష్ట్రభాషను నిర్దేశించలేదన్న సమాధానం సబబే. అయితే ‘స్థానిక రోగిభాష’ అన్న ఖాళీగడిని విడిచిపెట్టి, రాష్ట్రాలే దానిని నింపుకొనే వీలు కల్పించడం అసాధ్యం కాదు.

విద్యార్థినికి తెలుగు ఎలాగూ వస్తుందన్న భావన ఈ లోపానికి మూలం కావచ్చు. ఆ భావన నిలవదు. 2018 చట్టంతో తెలంగాణ పాఠశాలల్లో తెలుగు బోధన తప్పనిసరైనా అది పదవ తరగతి వరకే. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం ద్వితీయభాషగా సంస్కృతాన్ని ఎంచుకోవడం బై.పి.సి. విద్యార్థుల్లో సర్వసాధారణం. కోస్తా జిల్లాల నుంచో, ఇతర రాష్ట్రాల నుంచో వచ్చిన విద్యార్థినికి మేడ్చల్ పల్లె మాట కొత్త. నగరంలో ఆంగ్లమాధ్యమంలో చదివిన తెలంగాణ యువతికీ తన నానమ్మ తరం మాట సగమే తెలుసు.

4. రోగి మాట - రికార్డు మాట

రోగి తన బాధను పాఠ్యపుస్తకం పద్ధతిలో చెప్పడు. ‘దమ్మొస్తుంది’ అంటే ఊపిరి అందడం లేదని. ‘సోయి లేదు’ అంటే స్పృహ తప్పిందని. ‘పానం బాగలేదు’ అన్నది జ్వరం నుంచి దిగులు వరకు దేనినైనా సూచించగలదు. ‘కండ్లు బైర్లు కమ్ముతున్నయి’ అన్నప్పుడు రక్తపోటు, రక్తంలో చక్కెర రెండూ చూడవలసి ఉంటుంది. ఒంటిపై పొక్కులు వస్తే ‘అమ్మవారు పోసింది’ అనే ఇంట్లో, ఆ మాటను గౌరవిస్తూనే చికిత్సకు ఒప్పించడం నర్సు పని. శిష్టవ్యవహారంలోని ‘ఆయాసం’ నేర్చినవారికి ‘దమ్ము’ తెలియకపోవచ్చు. కాబట్టి తెలుగు వచ్చినంత మాత్రాన రోగిభాష వచ్చినట్లు కాదు.

వీటన్నింటిలోకీ ప్రమాదకరమైన మాట ‘గ్యాస్’. ఛాతీలో పట్టేసినట్లున్నా, ఎడమచేయి గుంజుతున్నా, చెమటలు పడుతున్నా రోగి దానిని ‘గ్యాస్ పట్టింది’ అని సరిపెట్టుకోవడం ఊళ్లలో, నగరంలో కూడా వినవచ్చేదే. ఆ మాటను యథాతథంగా అజీర్తిగా అనువదించి కేస్ షీట్‌లో రాస్తే గుండెపోటు లక్షణం మరుగునపడుతుంది. ‘మంట ఎక్కడున్నది? నడిస్తే ఎక్కువైతున్నదా? తిన్నంక వచ్చిందా, ఊకెనే వచ్చిందా?’ అని రోగి నుడికారంలో అడగగలిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ప్రసూతి వార్డులో ఇది మరింత స్పష్టం. సాధారణ ప్రసవానంతరం రక్తస్రావం 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని విద్యార్థిని చదువుతుంది. బాలింత మిల్లీలీటర్లలో చెప్పదు. ‘బట్ట తడుస్తుంది’ అంటుంది. అదీ పక్కన మగవారు ఉంటే చెప్పదు. ఎన్ని బట్టలు మార్చారు, ఎంతసేపట్లో, గడ్డలు పడ్డాయా అని పక్కన కూర్చొని మెల్లగా అడగడం తెలిసిన నర్సు ఆ ‘తడి’ని పరిమాణంగా మార్చగలదు. పుస్తకంలోని సంఖ్యకూ మంచంపైని మాటకూ మధ్య ఉన్న ఈ వంతెనను దాటడమే ఆమె సామర్థ్యం.

రికార్డు నుంచి రోగికి వెళ్లే తిరుగుదారి కూడా ఇంతే ముఖ్యం. డిశ్చార్జ్ చీటీలోని ఆంగ్ల సంక్షిప్తాలు ఇంటికి చేరేసరికి ‘పొద్దుగాల పరిగడుపున తెల్లగోలి, రాత్రి తిన్నంక గులాబిగోలి’గా మారాలి. ఇన్సులిన్ సూది వేసుకొన్నాక అన్నం ఆలస్యం చేయవద్దన్నది అర్థమయ్యేలా చెప్పాలి. ముర్రుపాలు పారబోయవద్దనీ, పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు, కూరలు మాన్పించవద్దనీ ఇంటి పెద్దావిడను చిన్నబుచ్చకుండా ఒప్పించాలి. ‘అవ్వా’, ‘పెద్దమ్మా’ అనే పిలుపు ఇక్కడ కేవల మర్యాద కాదు. ఆ పిలుపు లేనిచోట ఆరోగ్యబోధ చెవికెక్కదు. మాట అర్థం కాక మందు తప్పితే, ఆ రోగి పక్షం రోజుల్లో మళ్లీ అదే వార్డుకు వస్తాడు.

5. బోధనాభాష: చారిత్రక సందర్భం

హైదరాబాదుకు ఈ విషయంలో విశిష్టమైన చరిత్ర ఉంది. 1846లో ఇక్కడ ప్రారంభమైన వైద్య పాఠశాల తొలి దశాబ్దాల్లో ఉర్దూలో బోధించింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను, వైద్యాన్ని కూడా ఉర్దూ మాధ్యమంలో నేర్పింది. భారతీయ భాషలో వైద్యం చెప్పడం సాధ్యమేనని ఆ ప్రయోగం నిరూపించింది. అయితే సంస్థాన జనాభాలో అధికభాగమైన తెలుగు పల్లెజనానికి ఆ ఉర్దూ కూడా దూరమే. నాడు ఉర్దూ, నేడు ఆంగ్లం. రెండు కాలాల్లోనూ తెలుగు రోగి మాట తరగతి గది వెలుపలే నిలిచింది. కనుక సమస్యను ‘మాతృభాషామాధ్యమం కావాలా, ఆంగ్లమాధ్యమం కావాలా’ అనే పాత వాదంగా కుదించడం సరికాదు. బోధనామాధ్యమం ఏదైనా, రోగిభాష వృత్తివిద్యలో భాగమా కాదా అన్నదే అసలు ప్రశ్న.

తెలంగాణలో నర్సింగ్ పట్టాలిచ్చే ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ నారాయణరావు పేరుంది. జనం పలుకుబడిని గౌరవించాలని జీవితమంతా వాదించిన ఆ కవి జన్మదినమైన సెప్టెంబర్ 9ని రాష్ట్రం తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకొంటుంది. ఆయన పేరున్న పట్టాను అందుకొనే నర్సుకు ఆయన పట్టుబట్టిన ‘పలుకుబడుల భాష’లో ఒక్క గంట శిక్షణైనా ప్రణాళికలో లేకపోవడం ఆలోచించదగినది.

6. గంటలు, సంతకాలు, సామర్థ్యం

కొత్త ప్రణాళికలో ఒక క్రెడిట్ తరగతి బోధనకు 20 గంటలు, ప్రయోగశాలకు 40 గంటలు, వార్డు శిక్షణకు 80 గంటలు. ఈ లెక్క స్పష్టంగా ఉంది. ఏ లెక్కైనా గడిచిన కాలాన్ని కొలవగలదు గాని కుదిరిన నైపుణ్యాన్ని కొలవలేదు. లాగ్‌బుక్‌లో నిర్దేశిత సంఖ్యలో ప్రొసీజర్లు నమోదై, పక్కన సంతకాలు పడితే శిక్షణ పూర్తయినట్లే. సెలైన్ ఎక్కించడం నమోదవుతుంది. ఎక్కించే ముందు భయపడిన రోగికి ఏమి చెప్పిందన్నది నమోదు కాదు.

జార్జ్ మిల్లర్ 1990లో వైద్యవిద్యా మూల్యాంకనాన్ని నాలుగు మెట్లుగా వివరించారు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, వాస్తవంగా చేయడం. వ్రాతపరీక్ష మొదటి రెండు మెట్లను అందుకొంటుంది. 1975లో రోనాల్డ్ హార్డెన్ బృందం స్కాట్లండ్‌లో రూపొందించిన ఓ.ఎస్.సి.ఇ. పద్ధతి మూడవ మెట్టును పరీక్షిస్తుంది. విద్యార్థి ఒక్కొక్క స్టేషన్ వద్ద ఒక్కొక్క పని చేసి చూపాలి. 2021 ప్రణాళిక ఈ పద్ధతిని స్వీకరించడం మేలైన అడుగు. కాని పరీక్షాభాష ఆంగ్లమే అయినప్పుడు, విద్యార్థిని బొమ్మకో, ఆంగ్లంలో బదులిచ్చే నటరోగికో సేవచేసి మార్కులు పొందుతుంది. తెలుగు మాట్లాడే రోగి ఎదుట ఆమె ఎలా ప్రవర్తిస్తుందన్నది పట్టా అందే వరకు ఎవరూ కొలవరు. నాలుగవ మెట్టును ఉద్యోగమే కొలుస్తుంది, అప్పటికి రోగి నిజమైనవాడు.

7. పనిచోటు ఆశించేదంతా ప్రమాణమా?

సమన్వయం అనగానే కళాశాల వెనుకబడిందనీ, ఆసుపత్రి ముందున్నదనీ భావించడం పరిపాటి. ఈ భావనను సరిచూసుకోవాలి. పనిచోటు ఆశించేవాటిలో మందు లెక్క, అత్యవసర స్పందన, డ్యూటీ అప్పగింత, సంక్రమణ నివారణ వంటి న్యాయమైనవి ఉన్నాయి. వాటితోపాటు బిల్లింగ్ నమోదులు, బీమా పత్రాలు, ఆరోగ్యశ్రీ అనుమతులకు కావలసిన కాగితాలు, తక్కువ సిబ్బందితో ఎక్కువ పడకలను నెట్టుకురావడం కూడా నర్సు నెత్తిన పడుతున్నాయి. ఎదురుచెప్పకుండా వీటన్నింటినీ మోయడాన్నే ‘ఉద్యోగసంసిద్ధత’ అని పిలిస్తే, విద్య ఆ కొరతకు లొంగిపోయినట్లవుతుంది. రోగిమాట వినడానికి తీరిక లేని వార్డుకు తగినట్లు విద్యార్థినిని మలచడం సమన్వయం కాదు.

పాట్రీషియా బెన్నర్ 1984లో చూపినట్లు నర్సు అనుభవశూన్యదశ నుంచి నిపుణదశ వరకు ఐదు మెట్లు ఎక్కుతుంది. పట్టభద్రురాలు రెండవ మెట్టు వద్ద ఉంటుంది. ‘సమర్థురాలు’ అనే మూడవ మెట్టుకు ఒకే రకమైన పనిలో రెండు మూడేళ్ల అనుభవం కావాలి. అంటే సామర్థ్యంలో ఒక భాగాన్ని తయారుచేయవలసిన బాధ్యత ఆసుపత్రిది. ఆ రెండు మూడేళ్లు నర్సు నిలవాలంటే వేతనం నిలబెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల దుస్థితిపై సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన నిపుణుల కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనీ, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలనీ సిఫారసు చేసింది. ఈ సిఫారసు ఎంతవరకు అమలవుతున్నదన్నది విద్యకు సంబంధం లేని ప్రశ్నగా కొట్టివేయరాదు. అనుభవం కుదిరేలోగా నర్సు వెళ్లిపోయే వార్డులో, తరువాతి విద్యార్థినికి నేర్పే సీనియర్ మిగలదు.

8. ఒక నమూనా, కొన్ని ప్రతిపాదనలు

విద్యను పనిచోటుకే తీసుకువెళ్లిన ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం ప్రసవాలు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. ఈ స్థితిని మార్చే ప్రయత్నాల్లో భాగంగా, 2017 నుంచి రాష్ట్రప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ సహకారంతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను చేపట్టింది. శిక్షణ సింహభాగం ప్రసూతిగదిలో, నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన సాగుతుంది. ధైర్యం చెప్పడం, కదలికలకు తోడ్పడడం, వేచి ఉండడం ఇందులో నేర్చుకోవలసిన నైపుణ్యాలు. మాట వైద్యంలో భాగమని ఈ నమూనా ఆచరణలో గుర్తించింది.

దీని వెలుగులో మేడ్చల్, శామీర్‌పేట వంటి ప్రాంతాల కళాశాలలకు నాలుగు ప్రతిపాదనలు చేయవచ్చు. మొదటిది, రోగుల నుడికారాన్ని వార్డుల వారీగా సేకరించి, శాస్త్రీయార్థంతో, అడగవలసిన అనుబంధ ప్రశ్నలతో ఒక పదకోశం రూపొందించడం. తెలుగు శాఖలూ, నర్సింగ్ కళాశాలలూ కలిసి చేయదగిన పరిశోధన ఇది. మాండలిక పదకోశాల నిర్మాణంలో తెలుగు విశ్వవిద్యాలయాలకున్న అనుభవం ఇక్కడ నేరుగా అక్కరకొస్తుంది. రెండవది, ఓ.ఎస్.సి.ఇ.లో కనీసం ఒక స్టేషన్‌ను రోగి మాట్లాడే భాషలో నిర్వహించడం. విద్యార్థిని తెలుగులో విని, ఆంగ్లంలో నమోదుచేసి, మళ్లీ తెలుగులో వివరించాలి. ఈ మూడింటికీ వేర్వేరుగా మార్కులుండాలి. మూడవది, అధ్యాపకురాలు వారంలో కొన్ని గంటలు వార్డులో పనిచేయడం, సీనియర్ స్టాఫ్ నర్సుకు బోధకురాలిగా గుర్తింపు, అందుకు తగిన వేతనం, పనిభారంలో మినహాయింపు ఇవ్వడం. రోగిభాషను అందరికంటె బాగా ఎరిగిన ఆమె అనుభవం నేడు పాఠంగా మారడం లేదు. నాలుగవది, ఉద్యోగంలో చేరిన తొలి నెలలను పర్యవేక్షిత కాలంగా పరిగణించడం. ఒంటరి నైట్ డ్యూటీ ఆ తరువాతే.

వీటిపై రాగల ఆక్షేపం కూడా గమనించదగినదే. ఇక్కడ చదివిన నర్సులు గల్ఫ్‌కో, బ్రిటన్‌కో వెళ్లవచ్చు. వారికి మేడ్చల్ నుడికారం ఎందుకు? సమాధానం నైపుణ్య స్వభావంలోనే ఉంది. రోగి మాటను అతని లోకంలో విని, వైద్యుని లోకంలోకి నమ్మకంగా చేర్చడం ఒక భాషలో నేర్చినవారు మరొక భాషకు దానిని తీసుకువెళ్లగలరు. ఒక్క భాషలోనూ నేర్వనివారు ఎక్కడికి వెళ్లినా పదాలను మాత్రమే తీసుకువెళతారు. అలాగే ఒడియా, లంబాడీ మాట్లాడే రోగి ఎదురైనప్పుడు తనకు అర్థం కాలేదని గుర్తించి, దుబాసీని వెదకడం కూడా ఈ శిక్షణ నేర్పే వినయమే.

9. ముగింపు

2021 పాఠ్యప్రణాళిక సామర్థ్యాన్ని లక్ష్యంగా ప్రకటించింది. గంటలను, సంతకాలను, ఆంగ్లసమాధానాలను మాత్రం కొలమానాలుగా నిలుపుకొంది. లక్ష్యానికీ కొలమానానికీ మధ్య ఏర్పడిన ఈ సందులో మేడ్చల్, శామీర్‌పేట రోగి మాట జారిపోతున్నది. ఆ మాటను పాఠంలోకి, పరీక్షలోకి తేవడం నర్సింగ్ విద్యకు ఎంత అవసరమో, పనిభారాన్నీ వేతనాన్నీ సరిదిద్ది నేర్చుకొనే వీలు కల్పించడం ఆసుపత్రులకు అంతే బాధ్యత. తెలుగు అధ్యయనం సాహిత్యానికే పరిమితం కాక ఇటువంటి క్షేత్రాలకు విస్తరించవలసిన అగత్యాన్ని కూడా ఈ పరిశీలన సూచిస్తుంది. ‘దమ్మొస్తుంది’ అన్న మాట వినగానే ఆక్సిజన్ స్థాయి చూడడానికి చేయి కదిలే నర్సు తయారైననాడు విద్యకూ ఆచరణకూ మధ్య సమన్వయం కుదిరిందని చెప్పవచ్చు.